కందిలో కొన్ని చెట్లకు పూతే లేదు, కొన్ని నిలువునా ఎండుతున్నాయి. ఏం మందు కొట్టాలి?

మీరు అడిగింది ఇది: వికారాబాద్ జిల్లా, నల్లరేగడి, జూన్ ఆఖర్లో వేసిన కంది, ఇంట్లో దాచిన విత్తనం. నవంబర్ మొదటి వారానికి చేనంతా పూతకొచ్చింది గానీ కొన్ని చెట్లు పచ్చగా గుబురుగా పెరిగి ఒక్క మొగ్గ కూడా వేయలేదు. ఇంకొన్ని పూత మీదే వాడిపోయి ఎండుతున్నాయి. దుకాణంలో ఇచ్చిన మందులు రెండుసార్లు కొట్టినా తేడా లేదు, ఇప్పుడేం కొట్టాలి అని.

ఈ రెండింటికీ ఇప్పుడు కొట్టి బాగుచేసే మందు లేదు. పూత లేని చెట్లది వెర్రి తెగులు, కొన్ని చోట్ల గొడ్డుమోతు తెగులు అంటారు. ఎండుతున్న చెట్లది ఎండు తెగులు. ఒకటి వైరస్, రెండోది నేలలో ఉండే శిలీంధ్రం. ఒకదానికొకటి సంబంధం లేదు, ఒకే చేలో కలిసి కనబడుతున్నాయంతే. పట్టిన చెట్లకు మందు కొట్టడం మానేసి, బాగున్న చెట్ల పూతను, కాయను పురుగు నుంచి కాపాడుకోండి. మందుకు పెట్టబోయే డబ్బును వచ్చే ఏడు విత్తనానికి దాచండి. ఈ రెండు తెగుళ్ళనూ విత్తనం దగ్గర, చేను శుభ్రత దగ్గర ఆపగలం. పూత దశకొచ్చాక ఆపలేం.

అయితే ముందు మీ చేలో ఉన్నవి నిజంగా ఇవేనా అని తేల్చుకోండి. ఒక కొడవలి, పావుగంట సమయం చాలు.

ఎండుతున్న చెట్టును చూసే పద్ధతి. పూర్తిగా ఎండిపోయిన చెట్టును తీసుకోవద్దు. చచ్చిన కట్టెలోకి వేరే బూజులు కూడా చేరి లోపలంతా నల్లబడుతుంది, దాన్ని చూసి ఏమీ తేల్చలేం. ఒక పక్క కొమ్మలు వాడి, ఇంకో పక్క ఇంకా పచ్చగా ఉన్న చెట్టును వేరుతో సహా పీకండి. ముందు కాండం మొదలు చూడండి. నేల మట్టం నుంచి పైకి, వాడిన కొమ్మల వైపే, ఊదా రంగు పట్టీ ఒకటి పాకి ఉంటుంది. చెట్టును బట్టి జానెడు ఉండొచ్చు, నడుము ఎత్తు దాకా కూడా ఉండొచ్చు. ఆ పట్టీ ఉన్నచోట బెరడును గోటితో లేపి, కట్టెను నిలువునా చీల్చండి. తెల్లగా ఉండాల్సిన కట్టెలో గోధుమ రంగు, నలుపు గీతలు పొడవునా కనబడితే అది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులే, అనుమానం అక్కర్లేదు. వేరు నుంచి నీళ్ళు మోసే నాళాలను శిలీంధ్రం మూసేసిన గుర్తు అది. ఏ వైపు నాళాలు మూసుకుంటే ఆ వైపే వాడుతుంది, అందుకే చెట్టు సగం పచ్చగా, సగం ఎండి కనబడుతుంది.

గీతలు లేకపోతే వేరే కారణం వెతకాలి. బెట్టకు వాడిన చెట్టు పొద్దున్నే కొంత తేరుకుంటుంది, పైగా నేల లోతు తక్కువున్న చోట చెట్లన్నీ ఒకేసారి వాడతాయి. చెద పట్టిందైతే వేరు మీద మట్టి పూత ఉంటుంది, బెరడు కొరికేసి ఉంటుంది. ఫైటోఫ్తొరా తెగులు ఈ వయసులో కొత్తగా రావడం తక్కువ. అది జూలై, ఆగస్టు వానల్లో, నీళ్ళు నిలిచే చోట లేత మొక్కలకు వస్తుంది. కాండం మీద గోధుమ, నలుపు మచ్చ గుంటపడి, అక్కడే గాలికి విరుగుతుంది. మీ చేలో పల్లపు వైపు అప్పట్లో మొక్కలు పోయి ఉంటే, ఆ ఖాళీలు దీనివల్లే కావచ్చు.

పూత లేని చెట్టును చూసే పద్ధతి. పక్కనే పూసిన చెట్టు ఆకును, దీని ఆకును పక్కపక్కన పెట్టండి. దీని ఆకు చిన్నది, రంగు పాలిపోయి ఉంటుంది. కొమ్మ చివరి లేత ఆకును ఎండకు ఎదురుగా పట్టి చూస్తే లేత పసుపు, ముదురు ఆకుపచ్చ కలిసిన మొజాయిక్ మచ్చలు కనబడతాయి. పక్క కొమ్మలు ఎక్కువ వచ్చి చెట్టు పొదలా ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఈ చెట్లే చేలో బలంగా ఉన్నాయనిపిస్తుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. కొన్ని చెట్లలో ఒక్క కొమ్మకే తెగులుండి మిగతా కొమ్మలు పూస్తాయి. ఆలస్యంగా సోకితే అలా ఉంటుంది. మొలిచిన 45 రోజుల్లోపు సోకిన చెట్టు దాదాపు పూర్తిగా గొడ్డుపోతుంది.

ఆకులో మొజాయిక్ లేకుండా, మామూలు సైజులో ముదురు పచ్చగా ఉండి పూత రాకపోతే అది తెగులు కాదు. ఇంటి విత్తనంలో దీర్ఘకాలిక రకం గింజలు కలిసి ఉంటాయి. కంది పగటి పొద్దు తగ్గితేనే పూతకొచ్చే పంట, ఆలస్యపు రకాలు ఇంకొన్ని వారాలు తీసుకుంటాయి. అలాంటివి పీకొద్దు. నత్రజని ఎక్కువ పడ్డ పెంటకుప్పల జాగాలోనూ ఆకు బలిసి పూత ఆలస్యమవుతుంది.

ఇక ఎంత నష్టమో లెక్క తేల్చండి. చేలో 5 చోట్ల, ఒక్కో చోట వరుసగా 20 చెట్లు చూసి, ఎండినవి ఎన్ని, గొడ్డువి ఎన్ని విడివిడిగా రాసుకోండి. 100 చెట్లలో ఎన్నో తేలితే అదే శాతం. గట్ల దగ్గర మాత్రమే చూడొద్దు. వెర్రి తెగులు గట్ల వైపు, గాలి వచ్చే వైపు ఎక్కువగా ఉంటుంది. ఎండు తెగులు గుంపులు గుంపులుగా, ఏటా దాదాపు అదే జాగాలో వస్తుంది. ఆ జాగాలను కాగితం మీద గీసి దాచుకోండి, వచ్చే ఏడు పనికొస్తుంది.

మందు ఎందుకు పనిచేయలేదంటే

ఎండు తెగులు శిలీంధ్రం వేరు ద్వారా వారాల ముందే లోపలికి వెళ్ళి ఉంటుంది. వాడటం మన కంటికి కనబడేసరికి నాళాలు మూసుకుపోయి ఉంటాయి. ఆకు మీద కొట్టిన మందు కిందికి, వేరులోకి దిగదు. కార్బెండజిమ్ గానీ కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ చెట్టు మొదలు దగ్గర పోయమని చెబుతారు. పెరట్లో నాలుగు చెట్లకైతే పోసి చూడొచ్చు. ఎకరాల్లో ప్రతి చెట్టు మొదలూ తడపడానికి అయ్యే నీళ్ళు, కూలి, మందు ఖర్చుకు వచ్చే ఫలితం సరిపోదు. వాడటం మొదలైన చెట్టు ఎలాగూ తిరిగి లేవదు.

వెర్రి తెగులుకు ఏ మందూ లేదు, వైరస్ కాబట్టి. దాన్ని మోసేది ఎరియోఫిడ్ నల్లి. మామూలు ఎర్రనల్లిలా కంటికి కనబడదు, లేత ఆకుల అడుగున ఉంటుంది, రెక్కలు లేకపోయినా గాలితో కొట్టుకుపోయి పక్క చేలకు చేరుతుంది. ఈ తెగులును మొదట 1931లో బీహార్‌లోని పూసాలో గుర్తించారు. వైరస్సే కారణమని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనా సంస్థలో గట్టిగా తేలింది 2000 ప్రాంతంలో. మధ్యలో ఇన్నేళ్ళూ కారణం తేలక రకరకాలుగా అనుకున్నారు, అందుకే పాత కరపత్రాల్లో సలహాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. నల్లిని చంపితే కొత్త చెట్లకు పాకడం తగ్గుతుంది, పట్టిన చెట్టు మాత్రం బాగుపడదు. అందుకే నల్లి మందు వేసినా మొదటి 45 రోజుల్లోనే ప్రయోజనం. నవంబర్‌లో కొట్టడం వృథా.

ఈ సీజన్‌లో చేయాల్సినవి

పూర్తిగా గొడ్డుపోయిన చెట్లను పీకేయండి. వాటి నుంచి గింజ రాదు, నీళ్ళూ ఎరువూ తింటాయి, నల్లికి ఇల్లుగా ఉంటాయి. మీ ఊళ్ళో యాసంగి కంది వేసేవాళ్ళుంటే వాళ్ళ చేలకు తెగులు వెళ్ళేది వీటి నుంచే. గాలి లేని పూట పీకి, వెంటనే చేను బయటికి తీసుకెళ్ళి తగలబెట్టండి. సాళ్ళలోనే పడేస్తే ఆకు వాడేకొద్దీ నల్లి దాన్ని వదిలి పచ్చని చెట్లెక్కుతుంది. సగం కొమ్మలు పూసినవాటిని ఉంచుకోవచ్చు, కాయ కోశాక ముందుగా వాటినే తీసేయండి.

ఎండిన చెట్లలో గింజ గట్టిపడ్డ కాయలుంటే కోసుకోండి, ఆ గింజను తిండికే వాడండి, విత్తనానికి వద్దు. చెట్టును వేరుతో సహా తీయాలి. కొడవలితో కోసి మోడు నేలలో వదిలేయడమే ఈ తెగులు ఏటేటా పెరగడానికి పెద్ద కారణం. శిలీంధ్రం ఆ మోడులో, వేరు ముక్కల్లో మూడేళ్ళ దాకా బతుకుతుంది. నల్లరేగడి ఎండి పగుళ్ళిచ్చాక వేరు పీకడం ఎవరి తరమూ కాదు, కాబట్టి నేలలో కాస్త తేమ ఉన్నప్పుడే ఆ పని పెట్టుకోండి. తెగులు పట్టిన కట్టెను పొయ్యిలోకి వాడుకోవచ్చు. పెంటకుప్పలో మాత్రం వేయొద్దు, ఎరువుతో పాటు చేనంతా చల్లినట్టవుతుంది.

ఇక బాగున్న చెట్లు. ఈ దశలో వాటికి అసలు ముప్పు పురుగు. మారుకా పురుగు పూత, ఆకులు కలిపి గూడు కట్టి లోపల తింటుంది, శనగపచ్చ పురుగు కాయకు రంధ్రం చేసి తల లోపల పెట్టి గింజ తింటుంది. ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు పెట్టండి, పక్షులు వాలడానికి 20 కర్రలు పాతండి. మొగ్గ దశలో వేపనూనె మందు, 1500 పీపీఎం అజాడిరక్టిన్, లీటరుకు 5 మి.లీ. చొప్పున. గూళ్ళు గానీ చిన్న పురుగులు గానీ కనబడగానే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ లీటరుకు 0.3 మి.లీ., అంటే ఎకరాకు 60 మి.లీ. మళ్ళీ అవసరమైతే అదే మందు కాకుండా ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీ లీటరుకు 0.4 గ్రా. చొప్పున కొట్టండి. ఎకరాకు 200 లీటర్ల నీళ్ళు కావాలి. తలెత్తు కందిలో 80, 100 లీటర్లతో ముగిస్తే మందు పై కొమ్మలకే పడుతుంది, లోపలి గూళ్ళకు అందదు. ‘మంచి మందే కొట్టాం, పురుగు చావలేదు’ అనేవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే. పచ్చికాయ అమ్మేవాళ్ళు, మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగాలో సీసా మీద చూసుకోకుండా కోయొద్దు.

ముదురు పురుగులు మందుకు సరిగా చావవు. అప్పుడు సాలులో టార్పాలిన్ పరిచి చెట్టును మెల్లగా కుదిపితే రాలిపడతాయి, ఏరి నాశనం చేయొచ్చు. చిన్న చేలకు ఇది మందుకన్నా చౌక.

పూత రాలుతోందని మాత్రం కంగారుపడొద్దు. పూసిన పూతలో ఎక్కువ భాగం రాలడం కంది స్వభావమే, కాయగా నిలిచేది కొద్ది భాగం. నీటి వసతి ఉంటే మొగ్గ దశలో ఒకటి, కాయ ఊరేటప్పుడు ఒకటి తడి ఇవ్వండి. నల్లరేగడిలో నీళ్ళు నిలవనివ్వొద్దు.

వచ్చే ఏడు: మొదట విత్తనం

మీరు ఏ రకమో చెప్పకుండా ఇంటి విత్తనం అన్నారు. సగం జవాబు అక్కడే ఉంది. వెర్రి తెగులు వైరస్ గింజ ద్వారా రాదు, అది నిజం. ఎండు తెగులు శిలీంధ్రం కొంత మేర గింజతోనూ వెళ్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. కందిని వరి, పెసరలా చూడకూడదు. తేనెటీగలు ఒక చేను పుప్పొడిని ఇంకో చేనుకు మోస్తాయి, పరపరాగ సంపర్కం బాగా జరుగుతుంది. మీరు తెగులు తట్టుకునే రకం వేసినా పక్క చేలో తట్టుకోని రకం ఉంటే, మీరు దాచిన గింజలో రెండూ కలుస్తాయి. రెండు మూడేళ్ళు అలాగే వాడితే పేరు పాత రకానిది, గుణం వేరేది. ‘ఆశ రకం వేశాం, అదీ ఎండిపోయింది’ అనే మాట చాలా ఊళ్ళలో వినిపించడానికి ప్రధాన కారణం ఇది. ధ్రువీకరణ విత్తనం పండించేటప్పుడే వేరే కంది నుంచి 100 మీటర్ల దూరం పాటించమంటారు. ఊళ్ళో చేలకు అంత ఎడం ఎక్కడుంటుంది? కాబట్టి మూడేళ్ళకోసారి విత్తనం మార్చాల్సిందే. ఇంటి విత్తనమే కావాలంటే చేను నడిమధ్యన, ఆరోగ్యంగా ఉన్న చెట్లకు గుడ్డ పీలికలు కట్టి, వాటి కాయ వేరుగా కోసుకోండి.

రకాల్లో ఐసీపీఎల్ 87119 (ఆశ), బీఎస్‌ఎంఆర్ 736 రెండు తెగుళ్ళనూ తట్టుకుంటాయి. ఐసీపీ 8863 (మారుతి) ఎండు తెగులుకు గట్టిది గానీ వెర్రి తెగులుకు లొంగుతుంది, మీ చేలో రెండూ ఉన్నాయి కాబట్టి మీకు సరిపోదు. డబ్ల్యూఆర్‌జీ 65 (రుద్రేశ్వర), పీఆర్‌జీ 158 ఎండు తెగులును తట్టుకునేవి. తేలిక నేలల్లో పీఆర్‌జీ 176 (ఉజ్వల) లాంటి స్వల్పకాలిక రకం త్వరగా కోతకొచ్చి తెగులు ముదరక ముందే బయటపడుతుంది, అయితే దానికి మీ నల్లరేగడి లాభం పూర్తిగా అందదు. పాత ఎల్‌ఆర్‌జీ 30 మీ చేనుకు వద్దు. ఇంకో జాగ్రత్త: వెర్రి తెగులు వైరస్‌లో ప్రాంతాన్ని బట్టి రకాలున్నాయి, బెంగళూరు వైపుది పటాన్‌చెరు వైపు కన్నా తీవ్రమైనది. కర్ణాటక సరిహద్దు మండలాల్లో ఉన్నవాళ్ళు దగ్గరి పరిశోధనా స్థానంలో ఈ సంగతి అడిగి రకం ఎంచుకోండి. మీది తాండూరు వైపైతే, ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మార్కెట్‌లో ఆ పేరుకు ధర ఉంది గానీ తాండూరు కంది అనగానే తెగులు రాదని కాదు.

విత్తనశుద్ధి. నల్లరేగడిలో 150 లేదా 180 సెం.మీ. సాలు, సాలులో 20 సెం.మీ. దూరం అనుకుంటే ఎకరాకు 2 నుంచి 3 కిలోలు చాలు. కిలోకు 10 గ్రా. ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంధ్రాన్ని అణిచే మేలు శిలీంధ్రం) పట్టించి, తర్వాత చల్లార్చిన బెల్లం నీళ్ళతో ఎకరా విత్తనానికి 200 గ్రా. రైజోబియం (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా) పట్టించి, నీడన ఆరబెట్టి అదే రోజు విత్తండి. ట్రైకోడెర్మా వాడేటప్పుడు థైరమ్, క్యాప్టాన్ లాంటి రసాయన శిలీంధ్రనాశిని కలపొద్దు. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, ఆ మందు దాన్నీ చంపుతుంది. రెండూ కలిపి ఇచ్చే దుకాణాలున్నాయి.

ఎండు తెగులు గీసుకున్న జాగాలకు అదనంగా ఇది చేయండి: 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, ముద్ద కట్టే తేమ వచ్చేలా నీళ్ళు చల్లి, నీడలో గోనెపట్టా కప్పి 7 నుంచి 10 రోజులు ఉంచండి. పైన తెల్లటి, ఆకుపచ్చటి బూజు అల్లుకుంటే సిద్ధమైనట్టు. ఇది ఎకరాకు సరిపోతుంది, నేలలో తేమ ఉన్నప్పుడే చల్లి కలియదున్నాలి. మే ఎండలో పొడి నేల మీద చల్లితే ఆ బూజు చచ్చిపోతుంది. అలాగే దీని మీదే ఆధారపడొద్దు. తట్టుకోని రకానికి ట్రైకోడెర్మా ఎంత వేసినా ముదిరిన జాగాలో చెట్టు నిలవదు.

పంట మార్పిడి. మీ లెక్కలో ఎండు తెగులు 100కి 20 దాటితే ఆ జాగాలో మూడేళ్ళు కంది వద్దు. జొన్న, మొక్కజొన్న, ఆముదం, పత్తి ఏదైనా వేసుకోండి. శనగ కూడా వేయొచ్చు. శనగలో వచ్చే ఎండు తెగులు వేరే శిలీంధ్రం, కంది నుంచి దానికి అంటదు. కంది మానలేకపోతే జొన్నను అంతరపంటగా కలపండి. జొన్న కలిసిన చేలలో ఎండు తెగులు తగ్గడం ఎన్నో ప్రయోగాల్లో కనబడింది. కార్శి కంది, అంటే కోశాక మళ్ళీ చిగురించే పంట, ఉంచుకోవద్దు. రెండు తెగుళ్ళకూ అది పుట్టిల్లు.

వెర్రి తెగులుకు మరో ముఖ్యమైన పని మే నెలలోనే ఉంది. గట్ల మీద, పెరట్లో, కాలువ పక్కన తనంతట మొలిచిన కంది, ఏళ్ళ తరబడి ఉంచుకున్న కూరకంది చెట్లు, వీటి మీదే నల్లి ఎండాకాలం గడుపుతుంది. తొలకరికి ముందే వాటిని తీసేయాలి. మీ ఒక్క చేలో తీస్తే చాలదు, పక్క రైతులతో మాట్లాడుకుని గాలి వచ్చే వైపు గట్లన్నీ చూడండి.

మొలిచాక 15వ రోజు నుంచి 45వ రోజు దాకా వారానికోసారి చేను నడవండి. మొజాయిక్ ఆకు కనబడ్డ మొక్కను అక్కడికక్కడే పీకి సంచిలో వేసుకోండి. 100కి నాలుగైదు దాటితే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రా. చొప్పున, ఆకు అడుగు తడిసేలా కొట్టి, 15 రోజులకు మళ్ళీ కొట్టండి. మిట్టమధ్యాహ్నం ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వేపనూనెతో కలపకూడదు, రెండింటికీ మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి. పాత పుస్తకాల్లో డైకోఫాల్ అని ఉంటుంది, అది ఇప్పుడు నిషేధంలో ఉంది, ఎవరైనా ఇచ్చినా తీసుకోవద్దు.

ఒకేసారి చేనంతా కొత్త రకానికి మార్చడానికి భయమైతే, ఎండు తెగులు ఎక్కువున్న జాగాలోనే వచ్చే జూన్‌లో ఆశ రెండు సాళ్ళు, రుద్రేశ్వర రెండు సాళ్ళు, మీ ఇంటి విత్తనం రెండు సాళ్ళు పక్కపక్కన వేయండి. మిగతా చేలో జొన్న పెట్టండి. డిసెంబరుకు ఒక్కో సాలులో ఎన్ని నిలిచాయో లెక్కపెడితే ఆ నేలకు ఏది సరిపోతుందో తేలుతుంది. విత్తనం సంచి మీద లాట్ నంబరు, ధ్రువీకరణ చీటీ చూసి, రసీదుతో పాటు ఖాళీ సంచిని కూడా కోత దాకా దాచండి. రకం తేడా వస్తే ఫిర్యాదుకు అవే ఆధారం.